హెన్రీ తాయ్‌ఫెల్: సిపాయి, యుద్ధఖైదీ, సైకాలజీ ప్రొఫెసర్ – తరచుగా అడిగే ప్రశ్నలు

మనుషుల్ని పేరుకు రెండు గుంపులు చేసినా చాలు, పక్షపాతం కనబడుతుందని ప్రయోగాల్లో చూపిన సైకాలజిస్ట్ హెన్రీ తాయ్‌ఫెల్. సైకాలజీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళు, ఎంఏ విద్యార్థులు, ఊరికే ఆసక్తితో చదివేవాళ్ళు ఈయన గురించి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి చెప్పడం కన్నా ఒకచోట పెట్టడం మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్ళండి, వరసగా చదవాల్సిన పనిలేదు.

## పుట్టుక, చదువు

టాజ్‌ఫెల్ అనాలా, తాయ్‌ఫెల్ అనాలా?

మన క్లాసుల్లో ఎక్కువగా వినబడేది టాజ్‌ఫెల్. పోలిష్ భాషలో 'జె' అక్షరాన్ని 'య' అని పలుకుతారు కాబట్టి తాయ్‌ఫెల్ అసలుకు దగ్గర. పరీక్షలో ఎలా రాసినా ఎవరూ మార్కులు కోయరు. పుట్టినప్పుడు పెట్టిన పేరు హెన్రీ కాదు, హెర్ష్ మోర్ద్‌హే. హెన్రీ ఆ తర్వాత వచ్చి చేరింది.

ఆయన ఇంగ్లండ్‌వాడు కాదా?

కాదు. 1919 జూన్ 22న పోలండ్‌లోని వ్వొత్స్వావెక్ అనే ఊళ్ళో, విస్తులా నది ఒడ్డున, యూదు కుటుంబంలో పుట్టారు. పోలండ్‌లో పుట్టి, ఫ్రాన్స్‌లో చదివి, ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, జర్మన్ల దగ్గర ఖైదుండి, చివరికి 1957లో బ్రిటిష్ పౌరుడయ్యారు. పుస్తకాల్లో 'బ్రిటిష్ సైకాలజిస్ట్' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది తప్పు కాదు గానీ, ఆ ఒక్క మాట చాలా దాచేస్తుంది.

కెమిస్ట్రీ చదవడానికి పోలండ్ వదిలి ఫ్రాన్స్ దాకా ఎందుకు వెళ్ళాడు?

1930లలో పోలిష్ యూనివర్సిటీల్లో యూదు విద్యార్థులకు సీట్లు బాగా కుదించారు. సీటు దొరికినా క్లాసులో విడిగా, ఎడమవైపు బెంచీల మీదే కూర్చోవాలన్న రూలు చాలాచోట్ల వచ్చింది. దాన్ని 'ఘెట్టో బెంచీలు' అనేవారు. కాస్త స్తోమత ఉన్న యూదు కుటుంబాలు పిల్లల్ని బయటిదేశాలకు పంపేవి. అలా ఫ్రాన్స్ వెళ్ళి, పారిస్‌లో సోర్బాన్‌లో కెమిస్ట్రీ విద్యార్థి అయ్యారు. ఆ కెమిస్ట్రీ డిగ్రీ పూర్తి కాలేదు, మధ్యలో యుద్ధం వచ్చింది.

## సైన్యం, ఖైదు

నిజంగా సైనికుడేనా? పెద్ద యుద్ధాలేమైనా చేశాడా?

సైనికుడే, కానీ పతకాల కథలేమీ లేవు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక ఫ్రెంచి సైన్యంలో చేరారు. 1940 వేసవిలో జర్మనీ కొన్ని వారాల్లోనే ఫ్రాన్స్‌ను పడగొట్టింది. ఆ కుప్పకూలిన సైన్యంలోంచి పట్టుబడిన లక్షలమంది ఫ్రెంచి సిపాయిల్లో ఈయన ఒకరు. యూనిఫాంలో గడిపిన కాలంలో ఎక్కువ భాగం ముళ్ళకంచె లోపలే గడిచింది.

యూదుడై ఉండి నాజీల చేతిలో 5 ఏళ్ళు ఎలా బతికి బయటపడ్డాడు? గూఢచారి అని కూడా అంటారు కదా?

గూఢచారి కాదు. జరిగింది అంతకన్నా చిన్నది, అంతకన్నా భయంకరమైనది.

ఫ్రెంచి యుద్ధఖైదీలకు 1929 జెనీవా ఒప్పందం కింద కొంత రక్షణ ఉండేది. ఫ్రెంచి సైన్యంలోని యూదు సిపాయిలు అవమానాలు పడ్డారు, కొన్నిచోట్ల వాళ్ళను వేరే బారకాసుల్లో పెట్టారు. అయినా వాళ్ళలో ఎక్కువమంది ప్రాణాలతో తిరిగొచ్చారు. పోలిష్ యూదుడు అయితే ఆ గొడుగు ఉండేది కాదు. తాయ్‌ఫెల్ యూదుణ్ణన్న విషయం దాచలేదు. తాను ఫ్రెంచి పౌరుణ్ణని చెప్పుకున్నారు. 5 ఏళ్ళపాటు, ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకు మారుతూ, ఆ ఒక్క అబద్ధం మీద ప్రాణం నిలుపుకున్నారు.

ఇక్కడే ఆయన తర్వాతి రోజుల్లో చెప్పిన ఉదాహరణ ఒకటుంది. కాపలా ఉండే జర్మన్ సిపాయితో నీకెంత మంచి మాటలున్నా, నువ్వెంత మర్యాదస్తుడివైనా, అతనెంత మంచివాడైనా, నువ్వు పోలిష్ యూదుడివని తెలిసిన క్షణాన అవేవీ లెక్కలోకి రావు. నీ తలరాత తేల్చేది నువ్వు కాదు, నీ మీదున్న ముద్ర. ఇద్దరు మనుషులు మనుషులుగా కాక, రెండు గుంపుల సభ్యులుగా ఎదురుపడటం అంటే ఏమిటో ఆయన క్యాంపులో ప్రతిరోజూ చూశారు.

కుటుంబం ఏమైంది?

ఎవరూ మిగల్లేదు. 1945 మేలో ఖైదీల రైలు పారిస్‌లో ఓర్సే స్టేషన్‌లో దిగింది. (ఇవాళ మన టూరిస్టులు పెయింటింగులు చూడ్డానికి క్యూ కట్టే ఓర్సే మ్యూజియం అదే.) కొద్దిరోజుల్లోనే తెలిసింది, 1939 నాటికి తనకు తెలిసినవాళ్ళలో, సొంత కుటుంబంతో సహా, దాదాపు ఎవరూ బతికి లేరని. 1981లో వచ్చిన తన పుస్తకం మొదట్లో ఈ సంగతి ఆయనే రాశారు, అదీ కొద్ది వాక్యాల్లో.

సొంత ఊరి విషయం ఒకటి చెప్పాలి. జర్మన్లు ఆక్రమించాక యూదులు పసుపు గుర్తు తగిలించుకుని తిరగాలన్న ఆజ్ఞ మొట్టమొదట వచ్చిన ఊరు వ్వొత్స్వావెక్, 1939 అక్టోబరులో. మిగతా యూరప్‌కు ఆ గుర్తు తర్వాత పాకింది.

## యుద్ధం తర్వాత

విడుదలవ్వగానే సైకాలజీలోకి వచ్చేశాడా?

లేదు, మధ్యలో 6 ఏళ్ళున్నాయి. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న యూదు పిల్లల కోసం ఓఎస్ఈ అనే సంస్థ ఫ్రాన్స్‌లో గృహాలు నడిపేది. మొదట అక్కడ పనిచేశారు. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి వాళ్ళ అంతర్జాతీయ శరణార్థుల సంస్థలో. రెండుచోట్లా పని ఒకటే: ఊరూ పేరూ ఇల్లూ పోయినవాళ్ళకు ఎక్కడో ఒకచోట కాలు నిలిచేలా చూడటం. 1948లో పెళ్ళయింది. భార్యది జర్మనీ నుంచి యుద్ధానికి ముందే బ్రిటన్ చేరిన యూదు కుటుంబం. 1951లో భార్యాభర్తలు బ్రిటన్ వచ్చి స్థిరపడ్డారు. సైకాలజీ మొదలైంది అక్కడే.

32 ఏళ్ళకు డిగ్రీలో చేరడమేంటి? డబ్బెవరు కట్టారు?

లండన్‌లో బర్క్‌బెక్ కాలేజీ ఉంది. పగలు పనిచేసుకుని సాయంత్రం చదువుకునేవాళ్ళ కోసం 1823లో మొదలైన సంస్థ, పెద్ద వయసు విద్యార్థులు అక్కడ వింత కాదు. వయసు మీరినవాళ్ళకు ఇచ్చే ప్రభుత్వ స్కాలర్‌షిప్పుకు వ్యాసం రాయమన్నారు. దానికి వచ్చిన అంశం 'ప్రెజుడిస్', అంటే సాటి మనిషి మీద ముందే పెంచుకున్న దురభిప్రాయం. ఆ అంశంలో ఈయనకు ఎంత అనుభవం ఉందో వేరే చెప్పక్కర్లేదు. స్కాలర్‌షిప్ వచ్చింది. 1954లో డిగ్రీ పూర్తయింది.

మా దగ్గరికి 'నాకు 29, ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమవుతుందా' అని అడుగుతూ వచ్చేవాళ్ళకు నేను ఈ సంగతే చెప్తాను. ఇంగ్లిష్ ఆయనకు చిన్నప్పటి భాష కూడా కాదు.

డిగ్రీ తర్వాత ఉద్యోగాలు వరసగా చెప్పండి.

డరమ్ యూనివర్సిటీలో రీసెర్చ్ అసిస్టెంట్, తర్వాత లెక్చరర్. 1956 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో లెక్చరర్. మధ్యలో అమెరికాలో హార్వర్డ్‌లో జెరోమ్ బ్రూనర్ అనే పేరున్న సైకాలజిస్ట్ దగ్గర కొంతకాలం. 1967లో బ్రిస్టల్ యూనివర్సిటీలో సోషల్ సైకాలజీ ప్రొఫెసర్. పేరు తెచ్చిన పనిలో ఎక్కువ భాగం బ్రిస్టల్‌లోనే జరిగింది.

## ప్రయోగాలు

నాణేలూ గీతలూ కొలిచినవాడికి వివక్షతో ఏం సంబంధం?

చాలా దగ్గర సంబంధం. 1947లో బ్రూనర్, గుడ్‌మన్ ఒక అధ్యయనంలో పిల్లలు నాణేలను అసలు సైజు కన్నా పెద్దగా అంచనా వేస్తారని, పేద పిల్లల్లో అది ఎక్కువని చెప్పారు. తాయ్‌ఫెల్ దాన్ని తిరగేశారు. నాణెం పెద్దదయ్యేకొద్దీ విలువ పెరుగుతుంది కదా, అందుకే మన మనసు చిన్న నాణేనికీ పెద్ద నాణేనికీ మధ్య తేడాను సాగదీస్తుందన్నారు. 1957లో ఈ వాదనతో రాసిన వ్యాసమే ఆయనకు మొదట గుర్తింపు తెచ్చింది.

తర్వాత విల్క్స్‌తో కలిసి 1963లో గీతల ప్రయోగం. 8 గీతలు, ఒక్కోటీ ముందుదాని కన్నా కొంచెం పొడుగు. కొందరికి పొట్టివి నాలుగూ 'ఎ', పొడుగువి నాలుగూ 'బి' అని పేరు పెట్టి చూపించారు. కొందరికి పేర్లు ఇష్టమొచ్చినట్టు కలిపేశారు, కొందరికి అసలు పెట్టలేదు. పేర్లు పొడుగుతో సరిపోయినవాళ్ళు మాత్రమే 'ఎ' గుంపుకూ 'బి' గుంపుకూ మధ్య తేడాను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెప్పారు. ఒక్క అక్షరం తగిలిస్తే నాలుగో గీతకూ ఐదో గీతకూ మధ్య గోడ లేచింది. గీతల బదులు మనుషుల్ని, 'ఎ', 'బి' బదులు మతాన్నో రంగునో పెట్టి చూడండి.

గైడుల్లో 'ఒకే గుంపులోని గీతలన్నీ ఒకేలా కనబడ్డాయి' అని కూడా రాస్తారు. ఆ భాగానికి ఈ ప్రయోగంలో దొరికిన ఆధారం బలహీనం.

క్లీ, కాండిన్‌స్కీ ప్రయోగంలో అసలు ఏం జరిగింది?

వీటినే మినిమల్ గ్రూప్ ప్రయోగాలంటారు, అంటే పేరు తప్ప ఇంకేమీ లేని గుంపులతో చేసినవి. 1970లో ఒక పత్రికలో, 1971లో తోటి పరిశోధకులు బిలిగ్, బండీ, ఫ్లామాన్‌లతో కలిసి పరిశోధనా పత్రంగా వచ్చాయి. బ్రిస్టల్ శివారు స్కూలు కుర్రాళ్ళు, 14–15 ఏళ్ళవాళ్ళు. మొదటి ప్రయోగంలో 64 మంది. తెర మీద చుక్కల గుంపులు చూపించి ఎన్నున్నాయో చెప్పమన్నారు. తర్వాత 'నువ్వు ఎక్కువ చెప్పే రకం', 'నువ్వు తక్కువ చెప్పే రకం' అని విడదీశారు. రెండో ప్రయోగంలో 48 మంది. వాళ్ళకు పాల్ క్లీ, వసీలీ కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, ఎవరివి నచ్చాయో చెప్పమని రెండు గుంపులు చేశారు.

ఆ తర్వాత ఒక్కొక్కణ్ణి విడిగా కూర్చోబెట్టి, ఇద్దరు కుర్రాళ్ళకు పాయింట్లు పంచమన్నారు. ఒక పాయింటు అంటే పెన్నీలో పదో వంతు. పేర్లుండవు, నంబరూ గుంపు పేరూ మాత్రమే. తనకు తాను ఏమీ ఇచ్చుకోలేడు. తన గుంపులో ఎవరున్నారో తెలియదు. అంతకుముందు గొడవల్లేవు, ఇకముందు ఆ గుంపులు కలిసి చేసే పనీ లేదు.

ఇద్దరూ ఒకే గుంపువాళ్ళయినప్పుడు దాదాపు సమంగా పంచారు. ఒకరు తన గుంపు, ఇంకొకరు అవతలి గుంపు అయినప్పుడు త్రాసు తనవాడి వైపు వంగింది.

అసలు విశేషం, పరిశోధకులు దీన్ని ఎదురుచూడలేదు. గుంపు అనే మాట తప్ప ఇంకేమీ లేని 'ఖాళీ' పరిస్థితిని ముందు తయారుచేసుకుని, అక్కడ వివక్ష లేదని చూపి, తర్వాత ఒక్కొక్క కారణాన్నీ కలుపుకుంటూ పోదామన్నది ప్లాను. ఖాళీ గిన్నెలోనే వివక్ష కనబడింది.

పిల్లలు నిజంగా బొమ్మల ఇష్టాన్ని బట్టే విడిపోయారా?

లేదు. వాళ్ళకు అలా చెప్పారంతే. విడదీసింది యాదృచ్ఛికంగా, చీటీ తీసినట్టు. కుర్రాళ్ళకు అది తెలియదు. 'మనకిష్టమైనదే వాళ్ళకూ ఇష్టం కాబట్టి ఇచ్చుకున్నారేమో' అన్న అనుమానం సహజం. దాన్ని తీర్చడానికి 1973లో బిలిగ్, తాయ్‌ఫెల్ ఇంకో ప్రయోగం చేశారు. ఈసారి గుంపులు బొమ్మా బొరుసూ వేసినట్టు ఊరికే చేశామని ముందే చెప్పేశారు. అయినా సొంత గుంపు వైపు మొగ్గు పోలేదు.

తనవాడికి నష్టమైనా సరే, అవతలివాడికన్నా ఎక్కువ రావాలనుకున్నారట. అదెలా కొలిచారు?

13 గళ్ళున్న పట్టిక ఇచ్చారు. ఒక్కో గడిలో రెండు అంకెలు, మొదటిది మనవాడికి, రెండోది అవతలివాడికి అనుకోండి. ఒక చివర 7–1. మధ్యలో 13–13. ఇంకో చివర 19–25.

లెక్క తెలిసినవాడు 19–25 ఎంచుకోవాలి. మనవాడికి దొరికే గరిష్ఠం అదే, ఇద్దరికీ కలిపి ప్రయోగం చేసేవాళ్ళ దగ్గర్నుంచి లాగేదీ ఎక్కువే. న్యాయం కావాలంటే 13–13. మనవాడు గెలవాలంతే అనుకుంటే 7–1. అక్కడ మనవాడికి 12 పాయింట్లు పోతాయి, కానీ అవతలివాడి కన్నా 6 పైన ఉంటాడు. కుర్రాళ్ళ ఎంపికల్లో ఈ 'తేడా' లాగుడు గట్టిగా కనిపించింది. అందరూ వెళ్ళి 7–1 మీద టిక్కు పెట్టారని కాదు. న్యాయానికీ తేడాకీ మధ్య ఎక్కడో ఆగినవాళ్ళు చాలామంది.

అంటే మనిషికి వివక్ష పుట్టుకతో వచ్చే గుణమని తేలినట్టేగా?

తాయ్‌ఫెల్ చెప్పింది దాదాపు దీనికి వ్యతిరేకం. 1969లో ఆయన రాసిన వ్యాసం పని కట్టుకుని ఈ 'రక్తంలోనే ఉంది' వాదాన్ని ఎదిరించింది. లోకాన్ని అర్థం చేసుకోవడానికి వస్తువుల్నీ మనుషుల్నీ వర్గాలుగా విడదీస్తాం, ఆ పనిలోంచి దురభిప్రాయం పుడుతుంది, దానికి కావలసిన ముడిసరుకు సమాజమే ఇస్తుందన్నది ఆయన మాట.

తర్వాతి పరిశోధనలూ మినహాయింపులు చూపించాయి. న్యూజిలాండ్‌లో మార్గరెట్ వెదరెల్ చేసిన ప్రయోగాల్లో పాలినేసియన్ పిల్లలు అవతలి గుంపుకూ ఉదారంగానే ఇచ్చారు. పంచాల్సింది లాభం కాక బాధ అయినప్పుడు మొగ్గు తగ్గుతుందని అమేలీ మమెండై బృందం చూపింది.

## సిద్ధాంతం

సామాజిక గుర్తింపు సిద్ధాంతం ఆయన ఒక్కడిదేనా?

పునాది ఆయనది. మనకు తెలిసిన రూపం శిష్యుడు జాన్ టర్నర్‌తో కలిసి 1979లో రాసింది. జవాబులో ఇద్దరి పేర్లూ రాయండి. టర్నర్ తర్వాత దీన్ని స్వీయ వర్గీకరణ సిద్ధాంతంగా ఇంకో దారిలో తీసుకెళ్ళారు.

పుస్తకం భాష వద్దు, సులువుగా చెప్పండి.

'నేనెవరు' అన్నదానికి మన జవాబులో కొంత భాగం 'మేమెవరం' నుంచి వస్తుంది. ఆ 'మేము' గొప్పగా ఉంటే మనకూ బాగుంటుంది. గొప్పదనం తెలిసేది ఇంకొకరితో పోల్చినప్పుడే. కాబట్టి పోలికలో మన గుంపు పైన ఉండాలని తాపత్రయపడతాం.

సంక్రాంతికి ఇద్దరు హీరోల సినిమాలు వచ్చినప్పుడు అభిమానుల లెక్కలు చూడండి. ఆ వసూళ్ళలో ఒక్క రూపాయి కూడా వీళ్ళ జేబులోకి రాదు. మా సినిమాకు ఎంత వచ్చిందన్నది కూడా అసలు ప్రశ్న కాదు. వాళ్ళ సినిమా కన్నా ఎంత ఎక్కువ వచ్చిందన్నదే ప్రశ్న.

గుంపు కింద పడి ఉన్నప్పుడు మూడు దారులు. వీలైతే ఆ గుంపు వదిలి పైగుంపులో కలవడం. కుదరకపోతే పోలిక తీరునే మార్చడం, అంటే కొలబద్ద మార్చడమో, ఇన్నాళ్ళూ తక్కువన్నదాన్నే గొప్పగా నిలబెట్టడమో. లేదంటే నేరుగా పైవాళ్ళను ఢీకొట్టడం. ఏ దారి పడతారన్నది, గుంపుల మధ్య గోడ దాటగలిగేదా కాదా, ఉన్న తేడా న్యాయమైనదని జనం నమ్ముతున్నారా, అది మారుతుందన్న ఆశ ఉందా అన్నవాటిని బట్టి ఉంటుంది.

మన కులవ్యవస్థకు ఇది వర్తిస్తుందా?

కొంతవరకు. ముందొక హెచ్చరిక: కులం మినిమల్ గ్రూప్ కాదు. దాని వెనక భూమి, పెళ్ళిళ్ళు, అధికారం, వందల ఏళ్ళ హింస ఉన్నాయి. 'చుక్కలు లెక్కపెట్టిన కుర్రాళ్ళూ ఇంతే కదా' అని కులాన్ని తేలిక చేయడం ఈ ప్రయోగాన్ని తప్పుగా వాడటమే.

అయితే సిద్ధాంతంలో గోడ దాటడం గురించిన భాగం ఇక్కడ బాగా పనికొస్తుంది. పుట్టుకతో వచ్చే గుంపును వదిలి వెళ్ళలేనప్పుడు జనం ఒంటరిగా కాక కలిసి కదులుతారు, తమ పేరును తామే మళ్ళీ రాసుకుంటారు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. పంచములమన్న పేరును తోసిపుచ్చి 'ఆది ఆంధ్రులం' అన్నారు అక్కడ. అప్పటిదాకా వర్ణాల లెక్కలో అయిదోవాళ్ళుగా బయట నిలబెట్టినవాళ్ళు, ఈ నేలకు మొదటివాళ్ళం మేమే అన్నారు. కొలబద్ద మార్చడమంటే ఇదే. తాయ్‌ఫెల్‌కు బెజవాడ సంగతి తెలిసి రాశారని కాదు, ఈ ఉదాహరణ నాది.

## పేరు, మచ్చ

ల్యాబ్ ప్రయోగాలు చేసినవాడే ల్యాబ్ ప్రయోగాలను విమర్శించాడా?

అవును. 1972లో రాసిన ఒక వ్యాసంలో, సమాజాన్ని బయట వదిలేసి శూన్యంలో ప్రయోగాలు చేస్తే లాభం లేదన్నారు. అమెరికన్ సైకాలజీ మనిషిని ఒంటరిగా చూస్తోందన్నది ఆయన ఫిర్యాదు. సెర్జ్ మోస్కోవిచి వంటివారితో కలిసి యూరప్ సోషల్ సైకాలజిస్టులకు సొంత సంఘం నిలబెట్టడంలో ఈయన పాత్ర పెద్దది. 1971లో ఆ సంఘం పత్రిక మొదలైంది. ఇంతా చేసి లోకానికి గుర్తుండిపోయింది ఆయన ప్రయోగాల్లోకెల్లా శూన్యమైన ప్రయోగమే.

2019లో ఆయన పేరున్న పురస్కారం పేరు ఎందుకు మార్చారు?

ఆయన దగ్గర చదివిన, పనిచేసిన మహిళల పట్ల లైంగిక వేధింపులకు పాల్పడ్డారన్న విషయాలు పరిశోధకుల రాతల్లో, శిష్యుడు రూపర్ట్ బ్రౌన్ రాసిన జీవితచరిత్రలో బయటికొచ్చాయి. తాను నిలబెట్టిన యూరప్ సంఘమే తన పేరున ఇచ్చే అత్యున్నత పురస్కారం నుంచి ఆ పేరు తీసేసింది. 'అప్పటి రోజులు అలాంటివి' అనే సమర్థన నాకు మింగుడుపడదు. అధికారం ఉన్న గుంపు లేనిగుంపుతో ఎలా ప్రవర్తిస్తుందన్నదే ఆయన జీవితకాలపు అంశం. తన డిపార్ట్‌మెంటులో ఆ అధికారం తనదే. సిద్ధాంతం వాడుకోవడం మానక్కర్లేదు, కానీ జీవితం చెప్పేటప్పుడు ఈ పేజీ చింపేసి చెప్పకూడదు.

ఎప్పుడు పోయారు?

1982 మే 3న, ఆక్స్‌ఫర్డ్‌లో, క్యాన్సర్‌తో. 62 ఏళ్ళు.

యుద్ధం అనుభవమే సిద్ధాంతాన్ని పుట్టించిందని రాయొచ్చా?

సంబంధం ఉందని రాయండి, ఆయనే ఒప్పుకున్నారు. 'క్యాంపులో సిద్ధాంతం దొరికింది' అని మాత్రం రాయకండి. 1945కీ 1970కీ మధ్య పిల్లల గృహాలున్నాయి, నాణేలున్నాయి, గీతలున్నాయి. ఆయన పరిశోధనా పత్రాల్లో తన కథ ఎక్కడా చెప్పుకోరు, గళ్ళూ అంకెలూ తప్ప. నా అంచనాలో క్యాంపు ఆయనకు జవాబు ఇవ్వలేదు, ప్రశ్న ఇచ్చింది: మనిషిని అవతలివాడిగా చూడ్డానికి కనీసం ఎంత చాలు? దాన్ని ల్యాబుకు తగ్గ సైజుకు కుదించడానికి పాతికేళ్ళు పట్టింది.

## పరీక్షల కోసం

ఈ టాపిక్ ఏ సిలబస్‌లో వస్తుంది? తప్పులెక్కడ చేస్తారు?

12వ తరగతి ఎన్సీఈఆర్టీ సైకాలజీ పుస్తకంలో క్లీ–కాండిన్‌స్కీ ప్రయోగం మీద ఒక బాక్సు ఉంది. యూపీఎస్సీ సైకాలజీ ఆప్షనల్‌లో కులం, వర్గం, మతం, భాష తగాదాలు, దురభిప్రాయాలు అన్న భాగంలో మనవాళ్ళు–పరాయివాళ్ళు అన్న అంశం కింద రాయొచ్చు.

తప్పులు ఎక్కువగా మూడుచోట్ల. షెరీఫ్ అనే ఇంకో సైకాలజిస్ట్ చేసిన వేసవి శిబిరం ప్రయోగంతో కలిపేయడం: అక్కడ పిల్లల గుంపులు బహుమతుల కోసం నిజంగా పోటీపడ్డాయి, ఇక్కడ పోటీయే లేదు. కుర్రాళ్ళు డబ్బు తమకే ఇచ్చుకున్నారని రాయడం. 1970 ప్రయోగానికి టర్నర్ పేరు తగిలించడం: ఆ 1971 పత్రం మీద ఉన్న పేర్లు తాయ్‌ఫెల్, బిలిగ్, బండీ, ఫ్లామాన్.